పురి విప్పిన వృత్తం

చేప పొలుసు, సముద్రపు అల, నెమలి తోక, విసనకర్ర... ఊరిని బట్టి పేరు మారుతుంది, గీత మాత్రం ఒకటే. బట్ట మీద, గోడ మీద, వీధి రాళ్లలో వందల ఏళ్లుగా బతుకుతున్న ఈ డిజైన్ ఎలా పుడుతుంది? ఎక్కడ చెడుతుంది? ఎవరి చేతిలో పండుతుంది?

ఒక రూపాయి బిళ్ల తీసుకోండి. కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. దాన్ని ఆనుకునేలా పక్కన మరొకటి, ఆ పక్కన ఇంకొకటి గీస్తే ఒక వరస అవుతుంది. ఇప్పుడు బిళ్లని సగం వెడల్పు పక్కకి జరిపి, కాస్త కిందికి దించి రెండో వరస గీయండి. ఈ రెండో వరస మొదటిదానికి ముందు నిలబడిందనుకుని, దాని వెనక పడిన గీతలన్నీ చెరిపేయండి. మూడో వరస, నాలుగో వరస కూడా అంతే. కాసేపటికి కాగితం నిండా విసనకర్రలు పరుచుకుంటాయి. మీరు గీసినవన్నీ వృత్తాలే. విసనకర్రని ఎక్కడా గీయలేదు!

ఈ డిజైన్ గొప్పతనం ఇక్కడే ఉంది. పువ్వుల చీరకి డిజైన్ వేసేవాళ్లు ముందు పువ్వు గీస్తారు. తర్వాత దాన్ని నేల మీద ఎక్కడెక్కడ చల్లాలో చూసుకుంటారు. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఖాళీ మిగులుతుంది, ఏ చిన్న తప్పు జరిగినా ఆ ఖాళీలో సర్దుకుంటుంది. విసనకర్రల డిజైన్‌లో ఖాళీ అనేదే ఉండదు. ఒక్కో విసనకర్రకి పై అంచు మాత్రమే సొంతం. పక్క అంచులు రెండూ ముందు వరసలో ఉన్న పొరుగువి. ముందు వరసని కాస్త జరిపితే వెనక వరస రూపమే మారిపోతుంది. అందుకని దీన్ని గీసేవాళ్లు ఒక్క విసనకర్రని ఎంత ముద్దుగా తీర్చినా చాలదు, రెండు విసనకర్రలు కలిసే అతుకుని తీర్చాలి. అతుకు కుదిరిందా, డిజైన్ కుదిరినట్టే. అతుకు చెడిందా, ఎంత మంచి రంగులు వేసినా కంటికి గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఒకే గీత, ఊరికో పేరు

జపాన్‌లో దీన్ని సెయ్‌గైహా అంటారు, నీలి సముద్రపు అలలని అర్థం. టర్కీలోని ఇజ్నిక్ కుమ్మరులు 16వ శతాబ్దంలో పళ్లాల నేలని ఇదే గీతతో నింపారు, అక్కడ అది చేప పొలుసు. ఇంగ్లండ్‌లోని వూస్టర్ పింగాణీ కార్ఖానా 18వ శతాబ్దంలో తన కప్పుల మీద, పళ్లాల మీద నీలి పొలుసులు దిద్దింది. రోమ్‌లో సాంపియెత్రీని అనే నల్లటి రాళ్లని వీధుల్లో పరిచే పద్ధతుల్లో ఒకదానికి నెమలి తోక అని పేరు. జర్మనీలో ఇళ్ల కప్పుల మీద గుండ్రటి కొసల పెంకులు వరస మీద వరసగా ఇదే ఆకారంలో దిగుతాయి.

చాపం పైకి తిరిగి ఉంటే అల కనిపిస్తుంది, కొండ కనిపిస్తుంది, ఉదయిస్తున్న సూర్యుడు కనిపిస్తాడు. అదే చాపాన్ని తలకిందులు చేస్తే పొలుసు, ఈక, ఇంటి పెంకు. ఇంటి కప్పు మీద గుండ్రటి కొస కిందికే ఉండాలి, వాన నీరు పై పెంకు మీంచి కింది పెంకు మీదికి జారాలి కదా. చేప ఒంటి మీద పొలుసు కొస తోక వైపు తిరిగి ఉండేది కూడా ఈదేటప్పుడు నీరు దాని మీంచి జారిపోవడానికే. బట్ట మీద ఆ నియమం లేదు కాబట్టి ఏ వైపు తిప్పాలన్నది డిజైనర్ ఇష్టం. కానీ ఏ వైపు తిప్పితే ఏ భావం పుడుతుందో తెలిసి తిప్పాలి. పైకి తిరిగిన చాపాల్లో లేచి నిలబడే ఊపు ఉంటుంది, కిందికి తిరిగినవాటిలో జాలువారే మెత్తదనం ఉంటుంది.

వంపులన్నీ కలిసి దీర్ఘచతురస్రం

ఈ డిజైన్‌లో దాగిన లెక్క చాలా అందమైనది. బడిలో రేఖాగణితం అంటే భయపడినవాళ్లు కూడా దీన్ని ఇష్టపడతారు.

ముందు చేప పొలుసు చూద్దాం. వృత్తం వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు అనుకోండి. ఒక వరసలో వృత్తాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. తర్వాతి వరస 10 సెంటీమీటర్లు పక్కకి, 10 సెంటీమీటర్లు కిందికి జరుగుతుంది. అప్పుడు వచ్చే ఆకారానికి పైన అర్ధవృత్తం, కింద రెండు వైపులా లోపలికి ఒంగిన పావు వృత్తాలు ఉంటాయి. ఒక్క తిన్నటి గీత కూడా లేదు. దీని వైశాల్యం ఎంత?

వృత్తం అనగానే 3.14 గుర్తొస్తుంది. ఇక్కడ దానితో పనిలేదు. పై అర్ధవృత్తాన్ని నిలువునా రెండు ముక్కలు చేయండి. కుడి ముక్కని కిందికి తెచ్చి ఎడమ ఒంపులో పెట్టండి, ఎడమ ముక్కని కుడి ఒంపులో పెట్టండి. తిప్పాల్సిన అవసరం కూడా లేదు, జరిపితే చాలు. రెండూ అచ్చం అతికినట్టు కూర్చుంటాయి. 20 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం తయారవుతుంది. అంటే సరిగ్గా 200 చదరపు సెంటీమీటర్లు. ఈ కొలతలో పొలుసు టైల్స్ చేయిస్తే, సందుల లెక్క పక్కన పెడితే, చదరపు మీటరుకి 50 పడతాయి.

ఇప్పుడు ఒక్క కొలత మాత్రమే మారుద్దాం. వృత్తం అదే, పక్కకి జరిపే దూరం అదే. కిందికి దించే దూరాన్ని 10 నుంచి 5 సెంటీమీటర్లకి తగ్గించండి. పొలుసు కాస్తా అల అయిపోతుంది! జపాన్ సెయ్‌గైహా సాధారణంగా గీసేది ఈ లెక్కతోనే. ఒక్కో అలలో కనిపించే భాగం సరిగ్గా 100 చదరపు సెంటీమీటర్లు, అంటే మొత్తం వృత్తంలో మూడో వంతు కన్నా కాస్త తక్కువ. మిగతాదంతా ముందు వరసల వెనక ఉంటుంది.

ఈ చిన్న మార్పు వల్ల ఇంకో మేలు కూడా జరుగుతుంది, అద్దకం పనివాళ్లకి దాని విలువ బాగా తెలుసు. పొలుసు డిజైన్‌లో ప్రతి ఆకారం కింద ఒక సూదిమొనగా ముగుస్తుంది. రెండు వృత్తాలు ఒకదాన్నొకటి తాకే చోటు అది. దగ్గరికి వెళ్లేకొద్దీ రెండు గీతల మధ్య ఎడం తగ్గి తగ్గి సున్నా అవుతుంది. కాగితం మీద సన్నటి పెన్సిల్‌కి అది సాధ్యమే. చెక్క అచ్చులో అంత సన్నటి సందు చెక్కలేం, చెక్కినా రంగు నిండిపోతుంది. టైల్‌లో అయితే ఆ మొన విరిగిపోతుంది. అల డిజైన్‌లో ఈ ఇబ్బంది లేదు. రెండు వరసల ముందున్న వృత్తం పైకి తేలి వచ్చి ఆ సూదిమొనని కప్పేస్తుంది. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి మొన స్థానంలో రెండున్నర సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పున్న మొద్దు కొస మిగులుతుంది. అచ్చుకి, కుంచెకి, కుట్టుకి అంత జాగా ఉంటే చాలు.

సముద్రాన్ని చుక్కలతో నింపినవాళ్లు

సెయ్‌గైహా అన్న పేరుతోనే జపాన్ ఆస్థాన సంగీతమైన గాగాకులో ఒక నృత్యం కూడా ఉంది. ఆ నర్తకుల దుస్తుల మీద అలలు ఉంటాయి. 11వ శతాబ్దం తొలినాళ్లలో మురసాకి షికిబు రాసిన గెంజి గాథలో కథానాయకుడు ఆ నృత్యం చేసే ఘట్టం ఒకటి వస్తుంది. 17వ శతాబ్దం చివర మొదలైన గెన్రోకు కాలంలో సెయ్‌కాయ్ కాన్‌షిచి అనే లక్క పనివాడు ప్రత్యేకమైన కుంచెతో ఈ అలల్ని గీసి పేరు తెచ్చుకున్నాడు.

బట్ట మీద మాత్రం ఈ గీతని శిఖరానికి చేర్చింది కాగితం కోసేవాళ్లు. మియె ప్రాంతంలోని సుజుకా పట్టణం ఈ పనికి పుట్టిల్లు. చేతితో తయారైన వాషి కాగితాల్ని రెండు మూడు పొరలుగా, పచ్చి పెర్సిమన్ కాయల రసంతో అంటిస్తారు. ఆ రసంలోని వగరు కాగితాన్ని గట్టిపరిచి, నీటికి తట్టుకునేలా చేస్తుంది. ఆ కాగితం మీద సన్నటి గొట్టపు ఉలిని నిలబెట్టి తిప్పుతూ ఒక్కొక్క రంధ్రం పొడుస్తారు. తయారైన కాగితాన్ని బట్ట మీద పరిచి, బియ్యప్పిండి ముద్దని రంధ్రాల్లోంచి అద్దుతారు. తర్వాత బట్టకి రంగు వేసి కడిగేస్తే, ముద్ద అంటిన చోట్లన్నీ తెల్లటి చుక్కలుగా మిగులుతాయి.

ఈ పద్ధతిలో వచ్చిన గొప్ప డిజైన్లలో ఒకటి సామె కొమొన్, అంటే షార్క్ చర్మపు డిజైన్. దూరం నుంచి చూస్తే సాదా రంగు బట్ట. దగ్గరికి వెళ్తే చుక్కలు కనిపిస్తాయి. ఇంకా దగ్గరికి వెళ్తే ఆ చుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కిన చాపాల్లో, విసనకర్రల్లో అమరి ఉంటాయి. మూడు సెంటీమీటర్ల చదరంలో వందల చుక్కలు పడతాయి. కిషూ ప్రాంతపు పాలకులైన తొకుగావా వంశం ఈ డిజైన్‌ని తమ ఇంటి గుర్తుగా ధరించేది. ఆడంబరం బయటికి కనిపించకూడదన్న కాలంలో సమురాయ్‌లు తమ హోదాని అంత సన్నటి పనిలో దాచుకున్నారు.

కిమోనో బట్ట సుమారు 12 మీటర్ల పొడవుంటుంది. కాగితం అందులో ఒక చిన్న భాగాన్నే కప్పుతుంది. దాన్ని ఎత్తి, జరిపి, మళ్లీ పెట్టి, మళ్లీ అద్దాలి. ప్రతిసారీ ముందు అద్దిన చుక్క మీద కొత్త చుక్క సరిగ్గా కూర్చోవాలి. అందుకోసం కాగితం అంచులో గుర్తు చుక్కలు పెడతారు. వాటిని నక్షత్రాలు అంటారు. వెంట్రుకవాసి తప్పినా చాపం విరుగుతుంది, బట్టకి అడ్డంగా ఒక చార కనబడిపోతుంది. ఆ కాగితపు పని విలువంతా ఆ అతుకు మీదే ఆధారపడి ఉంది.

1824లో చిత్రకారుడు హొకుసాయ్ బట్టల మీద వేసే చిన్న డిజైన్ల పుస్తకం ఒకటి తెచ్చాడు. పెద్ద అలని గీసి లోకప్రసిద్ధి పొందడానికి ముందే, చేతివృత్తుల వాళ్ల కోసం చిన్న గీతల మీద ఆయన అంత శ్రద్ధ పెట్టాడు.

మోచేతి చుట్టూ తిరిగిన సుద్ద

ఈ డిజైన్ గీయడానికి కంపాస్ తప్పనిసరి అనుకుంటాం. అమెరికాలో బొంతలు కుట్టే ఆడవాళ్లు తమ చేతినే కంపాస్ చేసుకున్నారు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో చర్చి సంఘాల్లో ఆడవాళ్లు పెద్ద చట్రానికి బొంత బిగించి, చుట్టూ కూర్చుని కుట్టేవారు. మోచేతిని ఒక చోట ఆనించి, చేతిలో సుద్ద పట్టుకుని ముంజేతిని తిప్పితే ఒక చాపం పడుతుంది. సుద్దని కాస్త దగ్గరికి తెచ్చుకుని మళ్లీ తిప్పితే దాని లోపల ఇంకొకటి. అలా ఐదారు చాపాలు గీస్తే ఒక విసనకర్ర తయారు. దీనికి బాప్టిస్ట్ ఫ్యాన్ అన్న పేరు స్థిరపడింది. కుట్టే మనిషి కూర్చున్న చోటు నుంచి చెయ్యి చాచినంత మేరే ఒక్కో విసనకర్ర. పక్క మనిషి విసనకర్ర మొదలయ్యే చోట ఇద్దరి కుట్లూ కలిసిపోవాలి.

వీధి రాళ్లు పరిచే పనివాళ్ల లెక్కా ఇంతే. చేతికందే మేరలో రాళ్లని చాపంగా పేర్చుకుంటూ పోతారు. చదరపు రాళ్లన్నీ ఒకే కొలతలో ఉండవు. తిన్నటి వరసలో చిన్నా పెద్దా కలిస్తే వరస వంకర పోతుంది. చాపంలో అయితే పెద్దవి నడిమిన, చిన్నవి అంచుల్లో ఒదుగుతాయి. ఇంకో లాభం కూడా ఉంది. తిన్నటి వరసల్లో రాళ్ల మధ్య సందు బండి వెళ్లే దారి పొడుగునా సాగితే, చక్రం ఆ సందులోనే పడి నడుస్తూ రాళ్లని కదిలిస్తుంది. చాపాల్లో ఏ సందూ ఎక్కువ దూరం తిన్నగా సాగదు. రాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ బరువు పంచుకుంటాయి. అందుకే యూరప్ పాత నగరాల్లో ఈ నెమలి తోకలు అంతకాలం నిలుస్తున్నాయి.

వలయాల నుంచి కిరణాలకి

1925లో పారిస్‌లో అలంకార కళల అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. తర్వాతి కాలంలో ఆర్ట్ డెకో అన్న మాట దాని పేరులోంచే వచ్చింది. అప్పటికి మూడేళ్ల ముందు, 1922లో, టుటన్‌ఖామెన్ సమాధి బయటపడడంతో ఈజిప్టు తామర పూలకీ పాపిరస్ గుత్తులకీ ఎక్కడలేని మోజు పెరిగింది. 19వ శతాబ్దం రెండో సగం నుంచి జపాన్ కోత కాగితాలు వేల సంఖ్యలో యూరప్ మ్యూజియాలకి చేరుతూ వచ్చాయి. ఆ రెండు ప్రవాహాలూ కలిసే చోట విసనకర్ర మళ్లీ పురి విప్పింది. గోడ కాగితాలు, తివాచీలు, సినిమా హాళ్ల గోడలు, గాజు తలుపులు, పౌడర్ డబ్బాలు అన్నిటి మీదికీ ఎక్కింది.

జపాన్ విసనకర్రలో వలయాలు ఉంటాయి, ఒకదాని లోపల ఒకటి. డెకో వాటి స్థానంలో కిరణాలు పెట్టింది. దీనితో చూపు నడిచే దారే మారిపోయింది. వలయాలు చూపుని అడ్డంగా, నెమ్మదిగా నడిపిస్తాయి. కిరణాలు చూపుని కింది నుంచి పైకి విసురుతాయి. 1930లో విలియం వాన్ ఆలెన్ కట్టిన న్యూయార్క్ క్రైస్లర్ భవనం శిఖరం చూడండి. ఒకదాని మీద ఒకటి లేచిన చాపాలు, ప్రతి చాపంలోనూ కిరణాల్లా విచ్చుకున్న ముక్కోణపు కిటికీలు. ఆ ఊపు మన దేశానికీ వచ్చింది. ముంబయిలో 1933లో తెరుచుకున్న రీగల్ సినిమా లోపలి అలంకరణలో సూర్యకిరణాలున్నాయి. నగరంలోని విక్టోరియన్ గోథిక్, ఆర్ట్ డెకో భవన సముదాయాల్ని యునెస్కో 2018లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

కిరణాలు వేసేటప్పుడు డిజైనర్లు రెండు జాగ్రత్తలు తీసుకుంటారు. సంఖ్య బేసిగా ఉంటే నట్టనడుమ ఒక కిరణం నిలిచి విసనకర్రకి వెన్నెముక అవుతుంది. సరి సంఖ్యలో ఉంటే నడిమిన గీత పడి ఆకారం రెండుగా చీలినట్టు అనిపిస్తుంది. రెండోది, కిరణాలన్నిటినీ ఒకే బిందువు దాకా లాగకూడదు. అక్కడ గీతలు ఒకదాని మీద ఒకటి పడి నల్లటి ముద్ద అవుతాయి. ఒక చిన్న చాపం గీసి, కిరణాల్ని దాని మీంచి మొదలుపెట్టాలి.

డిజైన్ బల్ల దగ్గర

అందమైన విసనకర్ర గీయడంతో పని సగమే అవుతుంది. అది యంత్రం మీద, బట్ట వెడల్పులో, కట్టుకున్నవాళ్ల ఒంటి మీద ఇమడాలి.

రిపీట్ కొలత, అంటే డిజైన్ మళ్లీ మొదలయ్యే దూరం, ముందు తేల్చుకోవాలి. మిల్లుల్లో బట్ట అద్దడానికి ఎక్కువగా వాడే రోటరీ స్క్రీన్ చుట్టుకొలత 64 సెంటీమీటర్లు. స్క్రీన్ ఒక చుట్టు తిరిగేసరికి డిజైన్ మొదలైన చోటికే రావాలి. పొలుసు డిజైన్‌లో రెండు వరసలకి ఒకసారి రిపీట్ పూర్తవుతుంది, అంటే రిపీట్ ఎత్తు వ్యాసార్ధానికి రెట్టింపు. వ్యాసార్ధం 4 సెంటీమీటర్లు అయితే రిపీట్ 8 సెంటీమీటర్లు, చుట్టుకి సరిగ్గా ఎనిమిది సార్లు. వ్యాసార్ధం 3 సెంటీమీటర్లు అంటే రిపీట్ 6. అది 64లో పదిసార్లు పోగా నాలుగు సెంటీమీటర్లు మిగిలిపోతుంది. అప్పుడు వ్యాసార్ధాన్ని 3.2కి పెంచితే సరిగ్గా పదిసార్లు పడుతుంది. కంటితో చూస్తే ఆ రెండు మిల్లీమీటర్ల తేడా ఎవరికీ తెలియదు. అది వదిలేస్తే మాత్రం థాను పొడుగునా ప్రతి 64 సెంటీమీటర్లకీ విరిగిన వరస ఒకటి కనిపిస్తుంది. యూరప్ గోడ కాగితం చుట్టల వెడల్పు 53 సెంటీమీటర్లు. విసనకర్ర వెడల్పు 10.6 పెట్టుకుంటే వరసకి ఐదు వస్తాయి. అంచుల్లో తెగిన సగాలు పక్క చుట్టలోని సగాలతో కలిసి పూర్తవుతాయి.

రంగుల లెక్క దీనికంటే సరదాగా ఉంటుంది. పొలుసు డిజైన్‌లో వరసకో రంగు చొప్పున రెండు రంగులు మార్చి మార్చి వేస్తే, ఒకే రంగున్న రెండు పొలుసులు ఎక్కడా అంచు పంచుకోవు. అల డిజైన్‌లో అలా కుదరదు. ఇందాకటి మొద్దు కొస దగ్గర ప్రతి అలా రెండు వరసల ముందున్న అలని తాకుతుంది. అక్కడ ఒకే రంగులు కలిసిపోతాయి. కాబట్టి అలకి మూడు రంగులు కావాలి, లేదా ప్రతి అల అంచునా తెల్లటి గీత వదలాలి. జపాన్ పనివాళ్లు ఎక్కువగా రెండో దారే పట్టారు. ఒక్క నీలంతో, తెల్లటి గీతతో సముద్రాన్ని తెచ్చారు.

దిక్కు కూడా చూసుకోవాలి. విసనకర్రకి తలా తోకా ఉన్నాయి. జాకెట్టు కత్తిరించేటప్పుడు ముక్కలన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి, లేకపోతే ముందు భాగంలో అల లేచి, వెనక భాగంలో తలకిందులవుతుంది. అందుకే ఇలాంటి బట్ట కాస్త ఎక్కువ కొనాలి. చీరలో చిక్కు ఇంకా పెద్దది. కింది అంచు మీద నిలబడినట్టు వేసిన విసనకర్రలు కుచ్చిళ్లలో నిటారుగా ఉంటాయి. అదే బట్ట భుజం మీంచి పైటగా వేలాడితే అవన్నీ పక్కకి పడుకుంటాయి. మంచి డిజైనర్ పైట దగ్గర విసనకర్రని పావు చుట్టు తిప్పి వేస్తారు. మన చీరల్లో పైటని విడిగా డిజైన్ చేసే సంప్రదాయం ఎలాగూ ఉంది.

మీరే గీయాలనుకుంటే

- గళ్ల కాగితం తీసుకోండి. నాలుగు గళ్ల వ్యాసార్ధంతో, ఒకదాన్నొకటి ఆనుకునేలా వృత్తాల వరస గీయండి.
- రెండో వరస కేంద్రాల్ని నాలుగు గళ్లు పక్కకి, రెండు గళ్లు కిందికి పెట్టండి. ఇది అల. నాలుగు గళ్లు కిందికి పెడితే పొలుసు.
- అన్నిటికంటే ముందున్న, అంటే అట్టడుగు వరస నుంచి మొదలుపెట్టి పైకి ముదురు గీత దిద్దుకుంటూ రండి. ముందు వరస గీత తగిలిన చోట వెనక గీతని ఆపేయండి.
- లోపల మూడు వలయాలు గానీ ఏడు కిరణాలు గానీ వేయండి. రెండూ ఒకేసారి వద్దు.
- నాలుగైదు ప్రతులు తీసి పక్కపక్కన అతికించి గోడకి తగిలించండి. దూరంగా నిలబడి కళ్లు చికిలించి చూడండి. అడ్డంగా గానీ ఐమూలగా గానీ అనుకోని చారలు కనిపిస్తే గీత మందం, రంగుల బరువు మార్చాలి.

మగ్గం ఒకటి అడుగుతుంది, అచ్చు మరొకటి

మన చేనేతలో వంపు గీత వేయడం కష్టం. మగ్గం మీద నిలువు పోగూ అడ్డ పోగూ కలిసే గళ్లే గీతకి ఆధారం. వంపు ఆ గళ్ల మీద మెట్లు మెట్లుగా దిగాలి. గద్వాల చీరల కోటకొమ్ము అంచుల్లో త్రిభుజాలు అంత చక్కగా కూర్చోవడానికి కారణం, మెట్లకి త్రిభుజం సహజంగా ఒదుగుతుంది. విసనకర్రని నేయాలంటే పోగు సన్నగా, ఆకారం పెద్దగా ఉండాలి, అప్పుడే మెట్లు కంటికి ఆనవు. పోచంపల్లి ఇక్కత్‌లో పోగుని నేయకముందే కట్టి రంగు వేస్తారు కాబట్టి గీత అంచులు సన్నగా చెదురుతాయి. అక్కడ సన్నటి వలయాలు నిలవవు. వెడల్పాటి పట్టీలుగా ఉన్న రెండు వలయాలు చాలు. ఆ చెదురే అలకి నురగ అవుతుంది.

వంపు గీత హాయిగా పలికేది అచ్చులోనే. కృష్ణా జిల్లా పెడనలో టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దే కలంకారీ అందుకు తగిన నేల. బట్టని కరక్కాయ రసం, పాలతో తడిపి ఆరబెట్టడం, ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసిన నల్ల రంగు, పటిక అద్ది ఉడకబెడితే తేలే ఎరుపు, ఇవన్నీ ఆ ఊరికి తరతరాల విద్య. ఒకప్పుడు ఆ ఎరుపుకి చిరివేరు ప్రాణం.

ఈ తీరానికీ జపాన్‌కీ పాత బంధం ఉంది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చి వర్తకులు మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు వాళ్ల ఓడల మీద నాగసాకి దాకా వెళ్లాయి. జపాన్‌లో వాటిని సరాసా అన్నారు. తేనీటి వేడుకల్లో వాడే అపురూపమైన పాత్రలకి సంచులు కుట్టించుకునేంత మురిపెంగా చూసుకున్నారు. చిన్న ముక్కల్ని కూడా పారేయకుండా దాచారు. తర్వాత వాళ్లే సొంతంగా సరాసా అద్దడం నేర్చుకున్నారు. మన గీత అక్కడికి వెళ్లి వాళ్ల చేతిలో కొత్త రూపం తీసుకుంది. వాళ్ల అల మన టేకు అచ్చులోకి రావడంలో పరాయితనం ఏమీ లేదు. రావాల్సిన పద్ధతిలో రావాలి, అంతే.

ఇవాళ ఎక్కువగా జరుగుతున్నది వేరు. కంప్యూటర్‌లో రెడీగా దొరికిన విసనకర్రల బొమ్మని యథాతథంగా దించి, అచ్చు చెక్కేవాళ్ల చేతికిస్తున్నారు. ఆ బొమ్మ తెర కోసం గీసింది. దానికి చెక్క గురించి తెలియదు, పటిక ద్రావణంలో కలిపే జిగురు గురించి తెలియదు. జిగురు పలచబడితే గీత పోగు వెంట పాకుతుంది. సూదిమొనలు రంగుతో పూడిపోతాయి. పైగా నలుచదరపు అచ్చుతో అద్దితే, అచ్చుకీ అచ్చుకీ మధ్య తిన్నటి గీత విసనకర్రల్ని నడిమికి కోస్తూ పోతుంది. బట్ట ఆరేసరికి ఆ గీతే ముందు కనబడుతుంది. చూసినవాళ్లు అద్దకం బాగాలేదంటారు. చెయ్యి ఏ తప్పూ చేయలేదు, డిజైన్ అతుకుని ఆలోచించలేదు.

దీనికి మందు అచ్చు చెక్కేవాళ్ల దగ్గరే ఉంది. అచ్చు అంచుని తిన్నగా కోయకుండా విసనకర్రల చాపాల వెంబడే కోస్తే, ఒక అచ్చు ముగిసే గీత, ఇంకో అచ్చు మొదలయ్యే గీత డిజైన్‌లోని గీతలోనే కలిసిపోతాయి. అతుకు ఉంటుంది, కనిపించదు. మొన దగ్గర కాస్త ఎడం వదిలితే రంగు పాకినా ఆ ఎడంలోనే ఆగిపోతుంది. గీతల అచ్చుకీ రంగు నింపే అచ్చుకీ మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టుకునేలా వలయాల మందాన్ని ముందే పెంచుకోవచ్చు. ఈ నిర్ణయాలన్నీ ఉలి పట్టిన చెయ్యి తీసుకునేవి. కాబట్టి డిజైన్ నేర్చుకునే పిల్లలు బొమ్మ పూర్తి చేశాక పెడన వెళ్లడం కాదు, మొదటి వృత్తం గీయకముందే వెళ్లి చెక్కేవాళ్ల పక్కన కూర్చోవాలి. మన డిజైన్ కళాశాలలు ఈ పని పాఠంలో భాగం చేయాలి. బట్టకి కట్టే చీటీ మీద డిజైనర్ పేరు వేసినప్పుడు అచ్చు చెక్కినవారి పేరు కూడా వేయాలి. అతుకు తీర్చినవాళ్లు డిజైన్‌లో సగం గీసినట్టే.

కొనేవాళ్లుగా మన వంతు కూడా ఉంది. విసనకర్రల బట్ట చేతికొచ్చినప్పుడు రంగు చూసి ఊరుకోకండి. మొన పూడకుండా విడిగా ఉందేమో చూడండి. పక్కపక్క విసనకర్రల అంచులు ఒకదాన్నొకటి అందుకుంటున్నాయేమో చూడండి. కాస్త దూరం పట్టుకుని చూస్తే అచ్చు ఎక్కడ ముగిసిందో కనుక్కోలేకపోతే, అది చెయ్యి తిరిగిన పని. దానికి నాలుగు డబ్బులు ఎక్కువ అడిగితే బేరం ఆడకండి. ఆ నాలుగు డబ్బులు చెక్కేవాళ్ల ఇంటికి చేరితేనే, తర్వాతి తరం ఉలి పట్టడానికి ముందుకొస్తుంది.